పాలు ఊళ్లోనే ఉన్నా పసిబిడ్డకు అందని రోజు

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుపాను ప్రభావంతో చెన్నైలో కుండపోత వాన కురిసింది. 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ వాన ఆగింది గానీ పాల ప్యాకెట్ కోసం వెతుకులాట అప్పుడే మొదలైంది. వేళచ్చేరి, పళ్లికరణై, పెరుంబాక్కం, ముడిచ్చూరు, అంబత్తూరు ప్రాంతాల్లో చాలా కుటుంబాలకు రెండు మూడు రోజులు పాలు దొరకలేదు. దొరికిన చోట అర లీటరు ప్యాకెట్‌ను అచ్చు ధరకు రెట్టింపు, అంతకు మించి అమ్మారు. 2015 డిసెంబరు వరదల్లోనూ లీటరు పాలు వంద రూపాయలు పలికాయని పత్రికలు రాశాయి. ఎనిమిదేళ్లలో రెండుసార్లు ఇదే పరిస్థితి.

కాఫీ లేకపోతే పెద్దవాళ్లు ఒక పూట సర్దుకుంటారు. నాలుగు నెలల బిడ్డ సర్దుకోలేదు. డబ్బాపాలు తాగే బిడ్డకు డబ్బా ఒక్కటే ఉంటే చాలదు. మంచినీళ్లు, వాటిని కాచడానికి పొయ్యి, గిన్నె కడగడానికి శుభ్రమైన నీరు కూడా కావాలి. వరదలో ఇవన్నీ ఒకేసారి కరువవుతాయి. మళ్లీ ఈశాన్య రుతుపవనాల రోజులు వస్తున్నాయి. మన బడిపిల్లల ఇళ్లలో చంటి చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉంటారు. మన ఉపాధ్యాయినుల్లో బాలింతలు ఉంటారు. అందుకే పసిబిడ్డల పాల కొరత ఎందుకు వస్తుందో, ఎవరు ఏం చేయగలరో ముందే మాట్లాడుకోవడం మంచిది.

కొరత ఎక్కడ పుట్టింది?

తుపాను రోజుల్లో తమిళనాడులో ఆవులు, గేదెలు పాలివ్వడం మానలేదు. సహకార సంఘాలకు పాలు చేరుతూనే ఉన్నాయి. తెగింది మధ్యలోని దారి. చెన్నై నగరానికి ఆవిన్ రోజుకు సుమారు 14, 15 లక్షల లీటర్ల పాలు అందిస్తుంది. ఆ పాలను ప్యాకెట్లలో నింపేది ప్రధానంగా అంబత్తూరు, మాధవరం, షోళింగనల్లూరు డెయిరీల్లో. అంబత్తూరు ప్రాంతం నీట మునిగింది. కార్మికులు పనికి రాలేకపోయారు. కరెంటు పోయింది. లారీలు కదలలేదు. ప్యాకెట్లు సిద్ధమైన చోట కూడా వీధి చివరి ఏజెంటు దాకా బండి వెళ్లలేదు. ఆంధ్ర వైపు నుంచి, ముఖ్యంగా చిత్తూరు ప్రాంతం నుంచి, ప్రైవేటు డెయిరీల పాలు కూడా చెన్నైకి నిత్యం వస్తాయి. అవీ ఆ మునిగిన రోడ్ల మీదుగానే ఇళ్లకు చేరాలి.

దీనికి మరో రెండు ఇబ్బందులు తోడయ్యాయి. కరెంటు లేక ఫ్రిజ్‌లు ఆగిపోవడంతో ఇంట్లో ఉన్న పాలు విరిగిపోయాయి. సెల్ టవర్లు పనిచేయక ఫోన్‌తో డబ్బు చెల్లించే వీలు లేకపోయింది. చేతిలో నోట్లు లేనివాళ్లు దుకాణం ముందు నిలబడి కూడా కొనలేకపోయారు. ఇక రేపు దొరుకుతుందో లేదో అన్న భయంతో ఒక్కొక్కరు నాలుగైదు ప్యాకెట్లు కొన్నారు. వెనక నిలబడ్డవారికి ఏమీ మిగల్లేదు. ప్రభుత్వం ఇతర జిల్లాల నుంచి పాలు, పాలపొడి తెప్పించి పంచింది. సరఫరా కొన్ని రోజుల్లో కుదుటపడింది. కానీ పసిబిడ్డకు కొన్ని రోజులంటే చాలా ఎక్కువ కాలం.

అమెరికాలో జరిగింది

ఇది పేద దేశాల కష్టమేమీ కాదు. అమెరికాలో బిడ్డలున్న తెలుగు కుటుంబాలకు 2022 వేసవి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 17న అబాట్ కంపెనీ మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్ పట్టణంలోని తన ఫ్యాక్టరీలో తయారైన డబ్బాపాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. అవి తాగిన కొందరు పసిపిల్లలకు క్రోనోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి సోకిందన్న ఫిర్యాదులు వచ్చాయి. పిల్లల జబ్బుకు ఆ ఫ్యాక్టరీయే కారణమని రుజువు కాలేదు. అయితే ఫ్యాక్టరీ లోపల ఆ సూక్ష్మజీవి ఉన్నట్లు, శుభ్రతలో లోపాలు ఉన్నట్లు తనిఖీలో తేలింది. ఉత్పత్తి ఆగిపోయింది. మే మొదటి వారం ముగిసేసరికి దేశం మొత్తమ్మీద దుకాణాల్లో ఉండాల్సిన డబ్బాల్లో 43 శాతం లేవని ఒక మార్కెట్ సంస్థ లెక్కగట్టింది.

ఒక్క ఫ్యాక్టరీ మూతపడితే అంత పెద్ద దేశం ఎందుకు అల్లాడింది? అక్కడి డబ్బాపాల మార్కెట్‌లో సుమారు 90 శాతం నాలుగు కంపెనీల చేతిలో ఉంది. సుంకాలు, లేబుల్ నిబంధనల వల్ల బయటి దేశాల సరుకు దాదాపు రాదు. దేశంలో అమ్ముడయ్యే డబ్బాపాలలో ఇంచుమించు సగం పేద తల్లులు, పిల్లల కోసం ప్రభుత్వం నడిపే పోషకాహార పథకం ద్వారా వెళ్తుంది. ఆ పథకం కింద ఒక్కో రాష్ట్రం ఒక్కో కంపెనీతోనే ఒప్పందం చేసుకుంటుంది. మామూలు రోజుల్లో దీనివల్ల ధర తగ్గుతుంది, ఖజానాకు లాభం. ఆ ఒక్క కంపెనీ ఆగిపోయిన రోజున మాత్రం పేద తల్లి చేతిలోని కార్డు మరో కంపెనీ డబ్బాకు చెల్లదు. కొరత భారం అందరికంటే ముందు ఆమె మీద పడింది.

ప్రభుత్వం ఏం చేసిందో కూడా చూద్దాం. మే 18న అధ్యక్షుడు బైడెన్ యుద్ధకాలపు ఉత్పత్తి చట్టాన్ని వాడి, డబ్బాపాల ముడిసరుకు ముందుగా ఆ ఫ్యాక్టరీలకే అందేలా ఆదేశించారు. మే 22న జర్మనీ నుంచి సైనిక విమానం సుమారు 35 టన్నుల ప్రత్యేక డబ్బాపాలతో ఇండియానాపొలిస్‌లో దిగింది. పత్రికల మొదటి పేజీలకు ఎక్కింది ఆ విమానమే. తల్లులకు నేరుగా మేలు చేసింది మాత్రం మే 21న సంతకమైన ఒక చిన్న చట్టం. అత్యవసర సమయాల్లో పోషకాహార పథకం నిబంధనలను సడలించి, దొరికిన కంపెనీ డబ్బా కొనుక్కునే వీలు కల్పించింది ఆ చట్టమే. స్టర్జిస్ ఫ్యాక్టరీ జూన్ 4న తిరిగి మొదలైంది. తొమ్మిది రోజులకే గాలివాన వచ్చి ఫ్యాక్టరీలోకి నీరు చేరింది. మళ్లీ ఆపేశారు. జూలైలో గానీ పని మొదలు కాలేదు.

చెన్నై అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. రెండు చోట్లా పాలకు కరువు లేదు. పసిబిడ్డ ఆకలి ఒకటి రెండు ఇరుకు దారుల మీద ఆధారపడి ఉంది. ఆ దారి మూసుకుపోతే ఎంత డబ్బున్నా ఉపయోగం లేదు, డబ్బు లేనివారి కష్టం రెట్టింపవుతుంది.

పాలపొడి వేరు, డబ్బాపాలు వేరు

ఇక్కడ ప్రతి తల్లీ తండ్రీ గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. వరద సాయంలో పంచేది సాధారణంగా మామూలు పాలపొడి. టీలో కలుపుకునే పొడి కూడా ఆ కోవకే చెందుతుంది. శిశువుల కోసం తయారుచేసే డబ్బాపాలు వేరు. మామూలు పాలపొడిలో ఉండే మాంసకృత్తులు, లవణాలు పసిబిడ్డ మూత్రపిండాలు భరించగలిగిన మోతాదులో ఉండవు. ఆరు నెలల లోపు బిడ్డకు దాన్ని కలిపి పట్టడం ప్రమాదం. తియ్యటి చిక్కటి పాల డబ్బా ఇంకా ప్రమాదం.

రెండో ప్రమాదం పలచన చేయడం. డబ్బా అయిపోతుందన్న భయంతో ఒక చెంచా పొడి తగ్గించి నీళ్లు పెంచుతారు. బిడ్డ కడుపు నిండినట్లే కనిపిస్తుంది గానీ ఒంట్లో ఉప్పు పాళ్లు పడిపోయి ఫిట్స్ రావచ్చు. 2022లో అమెరికా పిల్లల వైద్యులు తల్లులకు పదేపదే చేసిన హెచ్చరిక ఇదే. డబ్బాపాలు కలిపేటప్పుడు నీళ్లు మరగకాచి, అరగంట దాటకముందే, ఇంకా బాగా వేడిగా ఉండగానే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వేడికి పొడిలో ఉండే సూక్ష్మజీవులు చస్తాయి. తర్వాత గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. రెండు గంటల్లో తాగకపోతే పారబోయాలి.

ఈ సూచనలన్నీ డబ్బా మీద ఉంటాయి. ఏ భాషలో ఉంటాయన్నదే ప్రశ్న. మన దేశంలో ఆహార లేబుల్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చట్టానికి సరిపోతుంది. వేరే భాష వేయాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. చెన్నైలో తరతరాలుగా పారిశుద్ధ్య పని చేస్తున్నవారిలో, కట్టడ పనులకు వచ్చినవారిలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తుపాను మర్నాడు వీధుల్లో బురద ఎత్తేది వాళ్లే. ఆ ఇంటి తల్లికి ఇంగ్లీషు, హిందీ రాకపోవచ్చు. తమిళం మాట్లాడినా చదవలేకపోవచ్చు. ఆ ఇంట్లో డబ్బా మీది అక్షరాలు చదవగలిగేది మన బడికి వచ్చే ఏడో తరగతి పిల్లే కావచ్చు.

తల్లిపాలను కాపాడుకోవడమే మొదటి జవాబు

డబ్బాపాలకు మన దేశంలో సొంత చరిత్ర ఉంది. ఒకప్పుడు డబ్బాలు విదేశాల నుంచే వచ్చేవి. 1950లలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ గేదె పాల నుంచి శిశు ఆహారం తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. ఆనంద్‌లోని అమూల్ దాన్ని చేపట్టింది. దిగుమతుల మీద ఆధారపడే గతి అలా తగ్గింది. తర్వాత మరో ఇబ్బంది తలెత్తింది. ప్రకటనలు, ఉచిత నమూనాలు చూసి తల్లిపాలు ఇవ్వగలిగినవారు కూడా పోతపాలకు మళ్లడం మొదలైంది. దీన్ని అడ్డుకోవడానికి 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక నియమావళిని ఆమోదించింది. మన పార్లమెంటు 1992లో శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం చేసింది, 2003లో దాన్ని మరింత కఠినం చేసింది. రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద పసిపాప బొమ్మ వేయకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమన్న మాట డబ్బా మీద తప్పనిసరిగా ఉండాలి.

ఆ చట్టంలో దాతలకు తెలియని ఒక నిబంధన కూడా ఉంది. అనాథ శిశు గృహాలకు తప్ప మరెవరికీ డబ్బాపాలు గానీ పాలసీసాలు గానీ దానంగా పంచకూడదు. వరద రాగానే మంచి మనసుతో డబ్బాలు సేకరించే సంఘాలు ఈ సంగతి గమనించాలి. నిబంధన వెనుక కారణం ఉంది. నాలుగు రోజులు ఉచితంగా వచ్చిన డబ్బా తాగిన బిడ్డ రొమ్ము పట్టడం తగ్గిస్తుంది. బిడ్డ తాగకపోతే తల్లికి పాలు తగ్గుతాయి. అయిదో రోజు ఉచిత డబ్బా ఉండదు, తల్లి దగ్గర పాలూ ఉండవు.

భయం, దిగులు వల్ల పాలు ఇంకిపోతాయని పెద్దవాళ్లు అంటారు. ఆందోళనలో పాలు చేపడం కొంత ఆలస్యం కావచ్చు గానీ ఊరడం ఆగిపోదు. బిడ్డను తరచూ పట్టిస్తూ ఉంటే, తల్లికి తిండి, నీరు, కాస్త మరుగు దొరికితే మళ్లీ కుదురుకుంటుంది. మానేసిన తల్లులు కూడా నర్సు సాయంతో తిరిగి మొదలుపెట్టగలరు. వరద శిబిరంలో అందరికంటే సురక్షితంగా ఉండేది తల్లిపాలు తాగే బిడ్డ. ఆ పాలు కాచాల్సిన పని లేదు. వాటికి కరెంటు, రోడ్డు కూడా అక్కర్లేదు.

అయితే ఈ మాటను తల్లులను దెప్పిపొడవడానికి వాడకూడదు. కొందరు తల్లులు జబ్బుపడతారు. కొందరు బిడ్డలు నెలలు నిండకుండా పుడతారు. కొందరు బిడ్డలకు తల్లే ఉండదు. వాళ్లకు డబ్బాపాలు మందులాంటివి, వైద్యుల సలహాతో తప్పకుండా అందాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తమిళనాడులో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవారు సుమారు 55 శాతం. దేశ సగటు దాదాపు 64 శాతం. ఆసుపత్రి కాన్పుల్లో, వైద్య సౌకర్యాల్లో ముందున్న రాష్ట్రం ఇందులో వెనకబడింది. పనికి వెళ్లే తల్లికి విరామం, చోటు, సెలవు దొరక్కపోవడం దీనికి ఒక పెద్ద కారణమని మా అభిప్రాయం.

ప్రభుత్వాలు కొన్ని అడుగులు వేశాయి. 2015లో తమిళనాడు బస్‌స్టాండ్లలో తల్లులు పాలిచ్చే గదులు తెరిచారు. ఎగ్మూరు ప్రభుత్వ పిల్లల ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు నడుస్తోంది. నెలలు నిండని పిల్లలకు అక్కడ దాతల పాలను శుద్ధిచేసి ఇస్తారు. ఇది దానమే తప్ప వ్యాపారం కాకూడదు. 2024 మేలో జాతీయ ఆహార భద్రతా సంస్థ తల్లిపాల అమ్మకం కూడదని స్పష్టంగా హెచ్చరించింది. ఆ వెంటనే మాధవరంలో సీసాల్లో తల్లిపాలు అమ్ముతున్న ఒక దుకాణానికి అధికారులు సీలు వేశారు. కొరత ఉన్నచోట ఎలాంటి బేరాలు పుట్టుకొస్తాయో ఆ ఒక్క ఉదాహరణ చాలు.

మన పాఠశాలలు చేయగలిగినవి

రోడ్లు, డెయిరీలు ప్రభుత్వం పని. ఫ్యాక్టరీల్లో నీరు చేరకుండా జాగ్రత్తలు, జనరేటర్లు, నగరం నాలుగు వైపులా చిన్న నిల్వ కేంద్రాలు ఏర్పాటు చేయమని అడగడం పౌరులుగా మన హక్కు. అంతవరకు మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఖర్చు పెద్దగా లేనివే ఇక్కడ చెబుతున్నాం.

వానాకాలం మొదట్లో తరగతి ఉపాధ్యాయులు ఒక చిన్న జాబితా రాసుకోవాలి. ఏ పిల్లల ఇంట్లో ఏడాది లోపు బిడ్డ ఉంది, ఆ ఇల్లు పల్లంలో ఉందా, తల్లిపాలా, డబ్బాపాలా అన్నది తెలిస్తే చాలు. తుపాను హెచ్చరిక రాగానే ముందు ఫోన్ చేయవలసిన ఇళ్లు అవే. డబ్బాపాలు తాగే బిడ్డ ఉన్న ఇంట్లో ఒక వారానికి సరిపడా పొడి, తాగునీరు, పొయ్యి, కొంత చేతి డబ్బు ఉండేలా చూడమని చెప్పాలి. అంతకు మించి పోగుచేయవద్దనీ చెప్పాలి.

సైన్సు పీరియడ్‌లో ఒక ఖాళీ డబ్బా తెప్పించి, దాని మీది సూచనలను పిల్లల చేత తెలుగులో రాయించవచ్చు. సైన్సు, తెలుగు రెండూ ఆ ఒక్క పాఠంలో వస్తాయి. ముర్రుపాలు, ఉగ్గు, చంటిబిడ్డ, బాలింత వంటి మాటలు మన పిల్లల నోటికి మళ్లీ వస్తాయి. పిల్లలు రాసిన ఆ కాగితం ఇంటికి వెళ్తే అమ్మకు, అమ్మమ్మకు పనికొస్తుంది. పాలసీసా కడగడం కష్టమైన రోజుల్లో ఉగ్గుగిన్నెతో పట్టడం మేలు. తమిళులు దాన్నే పాలాడై అంటారు. ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సులు ఇప్పటికీ దాన్ని వాడతారు.

మన బడి భవనం వరద శిబిరమైతే ఒక గది బాలింతలకు కేటాయించాలి. తలుపు, తెర, కూర్చునే చోటు, తాగునీరు ఉంటే చాలు. పూర్వ విద్యార్థుల సంఘాలు విరాళాలు సేకరిస్తే డబ్బాలకు బదులు తల్లికి వేడి అన్నం, పప్పు, మంచినీళ్లు, సబ్బు, పొడి బట్టలు ఇవ్వాలి. డబ్బాపాలు నిజంగా అవసరమైన బిడ్డ ఉంటే ఆరోగ్య సిబ్బందికి అప్పగించాలి. చెన్నై కార్పొరేషన్ సహాయ నంబరు 1913, ఆరోగ్య సలహాకు 104, అంబులెన్సుకు 108. ఈ మూడు నంబర్లు తెలుగులో రాసి బడి గేటు దగ్గర అంటించవచ్చు.

చివరగా మన యాజమాన్యాలకు ఒక మాట. కేంద్ర చట్టం 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది. తమిళనాడు ప్రభుత్వం తన ఉద్యోగినులకు 2021లో దాన్ని ఏడాదికి పెంచింది. మన మైనారిటీ పాఠశాలల్లో తాత్కాలికంగా, తక్కువ జీతానికి పనిచేస్తున్న తెలుగు ఉపాధ్యాయినికి అందులో ఎంత అందుతోంది? నెలన్నరకే ఆమె తిరిగి తరగతికి వస్తే ఆ బిడ్డ డబ్బాపాలకు మారక తప్పదు. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు నిలుస్తాయి. బడిలో ఒక మూల గది, మధ్యలో పావుగంట విరామం ఇస్తే ఆమె బిడ్డకు తల్లిపాలు అందుతూనే ఉంటాయి.

తెలుగు టీచర్లు దొరకడం లేదని ప్రతి సమావేశంలోనూ అనుకుంటున్నాం. ఉన్న టీచరు బిడ్డ ఆకలి గురించి కూడా ఆ సమావేశాల్లోనే మాట్లాడుకోవాలి. వచ్చే తల్లిదండ్రుల సంఘం సమావేశంలో ఈ విషయానికి పది నిమిషాలు కేటాయించమని కోరుతున్నాం. వాన వచ్చాక ఎవరికీ తీరిక ఉండదు.